తుకారాం గారికి సమజ్ కాదు

తుకారాం గారిని కాలనీ వాట్సాప్ గ్రూపులోంచి తీసేశారు. ఆయన ఎవరినీ తిట్టలేదు. పొద్దున్నే పువ్వుల బొమ్మలు పంపలేదు. రాజకీయాలు మాట్లాడలేదు. ఆయన చేసిన నేరమల్లా అడగడం. కొత్త యాప్ వచ్చినా, కొత్త మిషను కనబడినా దాని ముందు నిలబడి, "నాకు సమజ్ గాలే, జెర మల్ల చెప్పున్రి" అనడం. చెబితే మళ్లీ అడుగుతారు. మళ్లీ చెబితే మొదటినుంచి చెప్పమంటారు. లోకంలో కొందరికి ముక్కుపొడి అలవాటు, కొందరికి పేకాట అలవాటు. తుకారాం గారికి అర్థం కాకపోవడం అలవాటు.

వాళ్ల కాలనీ కార్ఖానా మెయిన్ రోడ్డుకు కాస్త లోపల. ఆ మధ్య గేటుకు ఒక యాప్ పెట్టారు. ఎవరింటికి ఎవరొచ్చినా వాచ్‌మన్ ముందు ఫొటో తీస్తాడు. ఇంట్లోవాళ్ల ఫోను మోగుతుంది. వాళ్లు ఓకే నొక్కితేనే గేటు తెరుచుకుంటుంది. అది పెట్టిన రోజే తుకారాం గారు గ్రూపులోకి తన గొంతు రికార్డు చేసి పంపడం మొదలుపెట్టారు.

"సెక్రెటరీ సాబ్, ఓకే అంటే పచ్చదా, ఎర్రదా?"

పచ్చది అని ఒకరు చెప్పారు.

"పచ్చది నొక్కితే ఎర్రది ఏమైతది?"

ఏమీ కాదని ఇంకొకరు చెప్పారు.

"నేను బాత్రూంల ఉంటే ఎవలు నొక్కాలె?"

బ్యాంకు మేనేజరుగా రిటైరై కాలనీకి సెక్రెటరీ అయిన రామ్మోహనరావు గారు అప్పుడు నొక్కవలసింది నొక్కారు. గ్రూపులో చివరికి ఒక చిన్న వాక్యం మిగిలింది, తుకారాం గారిని తొలగించినట్టు.

ఆ ఆదివారమే అసోసియేషన్ మీటింగు. తుకారాం గారు వస్తున్నారంటే గొడవ తప్పదని కొందరు కుర్చీలు వెనక్కి జరుపుకున్నారు. ఆయన తిన్నగా వెళ్లి రామ్మోహనరావు గారి పక్కన కూర్చున్నారు.

"సాబ్, నన్ను గ్రూపులకెల్లి తీసిన్రంట?"

"అదీ... ఏమీ అనుకోకండి తుకారాం గారూ. నలుగురికీ ఇబ్బందిగా ఉందంటేనూ..."

"గది కాదు సాబ్. ఎట్ల తీసిన్రు? జెర చూపియున్రి."

వెటకారమేమోనని రామ్మోహనరావు గారు ఆయన మొహంలోకి చూశారు. అక్కడ వెటకారం లేదు. మొదటి బెంచీలో కూర్చున్న పిల్లవాడి ఆత్రం ఉంది. చేసేది లేక చూపించడానికి సిద్ధపడ్డారు. అయితే తీయడం చూపించాలంటే తీయడానికి ఒక మనిషి ఉండాలి కదా. కాబట్టి ముందు తుకారాం గారిని మళ్లీ చేర్చారు.

"ఇదిగో, పేరు మీద వేలు పెట్టి కాసేపు అలా ఉంచాలి."

"నా పేరు మీద మీరు వేలు పెడితే నాకేం కాదు గద?"

"ఏమీ కాదండీ బాబూ."

"మంచిది. ఏడ పెట్టిన్రో కనబడలే. ఇంకోపారి."

ముసలివాళ్లంతా చుట్టూ మూగి మెడలు చాచారు. ఆ ఇంకోపారిలో సెక్రెటరీ గారి వేలు జారి కోశాధికారి పేరు మీద పడింది. రెండో వరసలో కూర్చున్న కోశాధికారి ఫోను చూసుకుని లేచి, "నేనేం చేశానండీ?" అని గొంతు పెంచాడు. ఆయన్ని బతిమాలి మళ్లీ చేర్చేసరికి మీటింగు అయిపోయింది. తుకారాం గారు గ్రూపులోనే మిగిలిపోయారు.

"ఆయన్ని తీయడం కంటే గేటు పీకేయడం తేలిక," అన్నారట రామ్మోహనరావు గారు ఇంటికెళ్లి భార్యతో.

ఈ తమాషా అంతా వెనక వరసలోంచి చూసి నవ్వనివాడు హరికిషన్ ఒక్కడే. తుకారాం గారి ఇంటి మీద గదిలో అద్దెకుండే కుర్రాడు. డిగ్రీ మధ్యలో మానేశాడు. ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు ఏరుకొచ్చి, మెట్ల మీద కూర్చుని చదివి, తన చదువు తనే చెప్పుకున్నాడు. బతుకుతెరువైన పనిని కూడా చూసి నేర్చుకున్నాడే తప్ప ఒకరిని అడగలేదు. చిన్నప్పుడు బళ్లో ఒకసారి ఒక ఇంగ్లీషు మాటకు అర్థం అడిగితే క్లాసు క్లాసంతా నవ్వింది. ఆ రోజు మూసిన నోరు మళ్లీ తెరవలేదు. అప్పటినుంచి అతనికి లోకం మీద కోపం. ట్రాఫిక్ మీద కోపం, ఇంటర్వ్యూల మీద కోపం, నోరు తెరిస్తే ఏఐ అనేవాళ్ల మీద మరీ కోపం. అలాంటివాడికి, నలుగురిలో నిలబడి నాకు తెలియదు అని కేకపెట్టే మనిషి ఇంటి ఓనరు కావడం అన్నంలో రాయి లాంటిది.

పైగా తుకారాం గారు జీవితమంతా పనిచేసింది ఎలక్ట్రానిక్స్ ప్లాంటులో. అది తలుచుకుంటే హరికిషన్‌కు ఇంకా మండేది. అక్కడ ఈయన ఏ విభాగంలో నిద్రపోయాడో అనుకునేవాడు.

ఒకసారి హరికిషన్ పని మీద కాజీపేట వెళ్లాలి. "స్టేషన్ దాక నేను దింపుత బిడ్డా," అని తుకారాం గారు స్కూటరు తీశారు. దింపి వెళ్లిపోతే బాగుండేది. లోపలిదాకా వచ్చారు. టికెట్ల మిషను కనబడింది. ఇంకేముంది.

"అన్నా, భోనగిరి పోవాలె. దీంట్ల ఎట్ల?" అని అక్కడ సాయం చేయడానికి నిలబడ్డ మనిషిని అడిగారు.

అతను టకటకా నొక్కాడు.

"ఆగున్రి, ఆగున్రి. మీ వేలు రైలు కంటె జోరుగ పోతున్నది. తెలుగు ఏడుంటది?"

అతను చూపించాడు.

"ఇద్దరు పోవాలంటే?"

చూపించాడు.

"పోయి మల్ల వచ్చేటందుకు సుత ఇప్పుడే తీసుకోవచ్చునా?"

లైను పెరిగింది. వెనకనుంచి ఎవరో హిందీలో, ఎవరో తెలుగులో, ఎవరో ఏ భాషా కాని గొణుగుడులో తిట్టడం మొదలుపెట్టారు. సరిగ్గా ఆయన వెనకే మూటలతో నిలబడ్డ జంట మాత్రం తిట్టలేదు, తెర మీంచి కళ్లు తిప్పలేదు. ఆ సాయం చేసే మనిషి చెమటలు తుడుచుకుని, "అయిపోయింది పెద్దాయనా, ఇగ పైసలు కట్టున్రి" అన్నాడు.

"నేనెందుకు కడత? నేను ఏడికీ పోతలేను."

హరికిషన్ అప్పటికే మొహం తిప్పుకుని, రైళ్ల బోర్డును పరీక్షకు చదివినంత శ్రద్ధగా చదువుతున్నాడు. ఆ ముసలాయన ఎవరో తనకు తెలియదన్నంత శ్రద్ధ.

ఈ బాధ పడలేక, తిరిగొచ్చాక ఒక ఉపాయం చేశాడు. తుకారాం గారి ఫోనులో మాట్లాడే ఏఐ ఒకటి పెట్టాడు.

"అంకుల్, ఇగ మీరు ఎవల్నీ అడుగుడు అవసరం లేదు. ఏ డౌటొచ్చినా దీన్ని అడుగున్రి. తెలుగుల చెప్తది. ఎన్నిసార్లడిగినా కోపం రాదు."

"కోపం సుత రాదా?" అన్నారు తుకారాం గారు, కొంచెం నిరుత్సాహంగా.

ఆ సాయంత్రమంతా కింద వరండాలో పరీక్ష నడిచింది.

"తిన్నవా అమ్మా?"

"నేను భోజనం చేయలేను. అయితే రుచికరమైన వంటకాలను సూచించగలను," అంది ఫోను.

"టమాట పప్పు చెప్పు."

ఫోను సలక్షణమైన తెలుగులో కందిపప్పును ప్రక్షాళనం చేయమంది. వంటింట్లోంచి ఆయన భార్య విజయమ్మ తొంగిచూసి, "గామె వార్తలు చదువుతున్నదా, వంట చెప్తున్నదా?" అంది.

మర్నాడు తుకారాం గారు మెట్లెక్కి వచ్చి ఫోను హరికిషన్ చేతిలో పెట్టారు.

"మంచిగనే చెప్తది బిడ్డా. కని దీంతోని నాకు పని గాదు."

"ఎందుకంకుల్? ఏం తక్లీఫ్?"

"అది నాకొక్కనికే చెప్తది."

ముసలాయనకు జవాబు కాదు, జనం కావాలని హరికిషన్ ఒక నిర్ణయానికి వచ్చాడు. ఇలాంటి నిర్ణయాలకు అతను త్వరగానే వచ్చేవాడు.

ఇంతలో అతని నెత్తిమీదికే వచ్చింది. ఏ.ఎస్. రావు నగర్‌లో సత్యదేవ్ గారి పెళ్లిఫోటోల స్టూడియోలో అతని పని. ఫోటోలు సరిదిద్దడం, ఆల్బమ్‌లు తయారుచేయడం. పెళ్లికొడుకు నుదుటి మీద చెమట మెరుపు తీసేసి, పొద్దుటినుంచీ పీటల మీద కూర్చున్న అలసట మాత్రం అలాగే ఉంచగలడు. అది తన చేతికే వచ్చని అతనికి గర్వం. ఉన్న గర్వం అదొక్కటే.

సత్యదేవ్ కాకినాడ నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ మనిషి. మంచివాడు, లెక్క తప్పనివాడు. ఒక శుక్రవారం, పనిచేసే ముగ్గురినీ, హరికిషన్‌నూ, నవతనూ, విజయేందర్‌నూ, కూర్చోబెట్టి చెప్పేశాడు.

"దాచేదేం లేదర్రా. కొత్త సాఫ్ట్‌వేర్ తెస్తున్నాను. ఫోటోలు అదే ఏరుతుంది, అదే దిద్దుతుంది, అదే పేజీలు పేర్చేస్తుంది. మనకేం కావాలో మాటల్లో చెబితే చాలంట. ముగ్గురు చేసే పనికి ఇద్దరు సరిపోతారు. శని, ఆదివారాలు ఒకావిడ వచ్చి నేర్పుతుంది. సోమవారం ముగ్గురికీ ఒకే పెళ్లి ఇస్తాను. ఎవరిది ఎలా వస్తుందో చూసి..."

మిగతాది ఆయన చెప్పలేదు. ముగ్గురికీ వినపడింది.

శనివారం క్యారల్ వచ్చింది. సికింద్రాబాద్‌లో పుట్టి పెరిగిన అమ్మాయే. నవ్వుమొహం. కానీ ఆమె ఇంగ్లీషు మౌలాలి స్టేషన్లో ఆగని ఎక్స్‌ప్రెస్ లాగా దూసుకుపోయింది. చివర్లో, "ఎనీ డౌట్స్?" అంది. ముగ్గురూ లేవన్నట్టు తలలూపారు. అందరికంటే ముందు ఊపింది హరికిషన్.

ఆమె వెళ్లాక ఒక పెళ్లి తెరిచి ప్రయత్నించాడు. మంగళస్నానం ఫోటోలో పెళ్లికూతురి బుగ్గలకున్న పసుపును మిషను మరక అనుకుని కడిగేసింది. జీలకర్ర బెల్లం ముద్దలను ఏదో చెత్త అనుకుని ఏరేసి, అక్కడ శుభ్రంగా జుట్టు మొలిపించింది. చామనఛాయ పిల్లను, కన్నతల్లి గుర్తుపట్టలేనంత తెల్లగా చేసిపెట్టింది. ఒక ఫోటోలో సరిచేస్తే అదే దిద్దుబాటు పెళ్లంతటికీ పాకి, పురోహితుడి బుగ్గలకు కూడా పసుపొచ్చింది. పక్కన నవత కంప్యూటర్లో బాసికాలు మాయమవుతున్నాయి. విజయేందర్ తెర మీద ఏమవుతోందో ఎవరికీ తెలియదు. ముగ్గురూ ఒకరి తెర ఒకరికి కనబడకుండా కుర్చీలు జరుపుకున్నారు.

హరికిషన్ ఇంటికొచ్చి మెట్ల మీద కూలబడ్డాడు. పుస్తకం తెరవలేదు. తుకారాం గారు మొక్కలకు నీళ్లు పోస్తూ చూశారు.

"ఏందీ బిడ్డా, గట్ల గూసున్నవ్?"

"ఏం లేదంకుల్."

"ఏం లేనోని మొఖం గిట్లుండదు."

అంతే, కట్ట తెగింది. పసుపును మరక అనుకుంటోందన్నాడు. అది మరక కాదని దానికెలా చెప్పాలో తెలియదన్నాడు. చేత్తో చేసే పనిని మాటల్లో చెప్పమంటే, అదీ తనకు సరిగ్గా రాని ఇంగ్లీషులో చెప్పమంటే ఎక్కడినుంచి తేవాలన్నాడు. ఒకటి మారిస్తే అన్నీ మారుతున్నాయి, ఒక్కదాన్నే ఎలా ఆపాలో అంతుబట్టడం లేదన్నాడు. పోతే పోయింది ఉద్యోగం, పీడా వదిలింది అని కూడా అన్నాడు, గొంతు మాత్రం అలా అనలేదు.

"మరి గా మేడంని అడుగరాదు?"

"మీలెక్కనా?" అన్నాడు హరికిషన్, చేదుగా. "అందరి ముందల నాకు సమజ్ గాలే అనాల్నా? నాకు ఇజ్జత్ ఉన్నదంకుల్."

తుకారాం గారు తులసిమొక్కకు పోయాల్సిన నీళ్లు ఆలోచనలో పడి తన కాళ్ల మీద పోసుకున్నారు.

ఆదివారం క్లాసు మొదలైన కాసేపటికి స్టూడియో అద్దాల తలుపు తెరుచుకుంది. చంకలో గోడ మీది ఫోటో ఫ్రేముతో తుకారాం గారు. వెనక పట్టుచీరలో, ఎందుకొచ్చిందో తనకే తెలియనట్టు విజయమ్మ. హరికిషన్ కుర్చీలో కిందికి జారాడు.

"మా పెండ్లి ఫోటో సాబ్. కొత్తగ జెయ్యాలె," అన్నారు తుకారాం గారు.

"ఇవాళ మావాళ్లకి క్లాసుందండీ. రేపు రండి," అన్నాడు సత్యదేవ్.

"క్లాసా? మస్తు. మేం సుత కూసుంటం. మా ఫోటో మీదనే చెప్పమనున్రి."

వచ్చిన గిరాకీని తిప్పి పంపడం సత్యదేవ్ గారి వంశంలో లేదు. కుర్చీలు వేయించాడు. క్యారల్ సరదాపడి ఆ నలుపు తెలుపు ఫోటోను ఎక్కించి మిషనుకు అప్పగించింది. తెర మీద పెళ్లి రంగుల్లోకి మారింది. అందరూ వంగి చూశారు.

"నా మీసం ఏది?" అన్నారు తుకారాం గారు.

"నా ముక్కుపుడక?" అంది విజయమ్మ, ముక్కు తడుముకుంటూ. "మా నాయిన పెట్టింది. తీయనీకి గీ మిషిన్ ఎవలు?"

క్యారల్ పకపకా నవ్వింది. "సారీ ఆంటీ! ఇట్ థింక్స్ అదొక మచ్చ అని."

"మచ్చ కాదని దానికెట్ల చెప్పాలమ్మా?" అన్నారు తుకారాం గారు.

క్యారల్ ఇంగ్లీషులో చెప్పింది.

"నాకు సమజ్ గాలే. జెర మల్ల, మన భాషల."

క్యారల్ ఊపిరి పీల్చుకుని, ఎక్స్‌ప్రెస్‌ను ప్యాసింజర్ చేసింది. "చూడండి అంకుల్. ఫస్ట్ ముక్కుపుడక చుట్టూ ఇట్లా గీత గీయాలి. తర్వాత ఈ తాళం బొమ్మ నొక్కాలి. అప్పుడు దాన్ని టచ్ చేయదు."

"గీత ఏడికెల్లి షురూ జేసినవ్? ఇంకోపారి."

మళ్లీ చూపించింది. నవత మెడ చాచింది. విజయేందర్ కుర్చీ ముందుకు జరిపాడు. భూమిలోకి కూరుకుపోవాలనుకున్న హరికిషన్, తనకు తెలియకుండానే కీబోర్డు మీద చేయి వేశాడు.

"ఇగ రాతల చెప్పాలన్నరు గద. నాకు ఇంగ్లీషు రాదు. గప్పుడెట్ల?"

"తెలుగులో రాయండి."

"తెలుగుల రాస్తే దానికి సమజైతదా?"

"అయితది అంకుల్! మీకన్నా తొందరగా అయితది!"

స్టూడియోలో మూడు తలలు ఒక్కసారి పైకి లేచాయి. క్యారల్ ఆశ్చర్యపోయింది. "ఏంటి, మీకు తెలీదా? నిన్న ఎనీ డౌట్స్ అంటే లేవన్నారు కదా!"

ముగ్గురూ మూడు గోడలు చూశారు.

"వాళ్లకు తెలుసమ్మా, నాకే తెల్వది," అన్నారు తుకారాం గారు గబగబా. "మరి నా మీసం ఒక్కటే దిద్దాలె, పక్కనున్న మా బామ్మర్దికి మీసం రావద్దు. ఎట్ల ఆపాలె?"

అదీ చెప్పింది. మళ్లీ చెప్పింది. మీసం కత్తిరించి, అతికించి, ఎత్తి, దించి చూపించింది. చివరికి ఆయన తలగోక్కుని, "ఇగ ఆఖరిది. పెండ్లిపిల్లకు పసుపున్నదనుకో. గది మరక అంటే?" అన్నారు.

"మీ ఫోటోలో పసుపు లేదు కదా అంకుల్?"

"లేదు. ఉంటే."

విజయమ్మ సీలింగు ఫ్యాను వైపు చూసింది.

హరికిషన్ చేతులు ఆగిపోయాయి. మరక కాదని చెప్పడం, రాని ఇంగ్లీషు, ఒకటి మారిస్తే అన్నీ మారడం, పసుపు. అన్నీ తన ప్రశ్నలే. నిన్న మెట్ల మీద కక్కినవే. ముసలాయన వాటిని ఏరుకుని, తుడిచి, తనవని చెప్పి పట్టుకొచ్చాడు. స్టూడియో అంతా ఆయన్ని చూసి నవ్వుతోంది. ఆయన కూడా నవ్వుతున్నారు.

సోమవారం హరికిషన్ మిషనుకు తెలుగులో రాశాడు. ఎన్నేళ్లుగానో చదివిన పుస్తకాలు మొదటిసారి ఒక పనికి అక్కరకొచ్చాయి. "పసుపు మరక కాదు, ముట్టుకోకు. జీలకర్ర బెల్లం పెళ్లికి ప్రాణం, వదిలెయ్. పెళ్లికూతురి రంగు ఆమెది, మార్చే హక్కు నీకు లేదు. చెమట మెరుపు తగ్గించు, అలసట ఉంచు. ఏడుస్తున్న తల్లి కళ్లు ఎర్రగానే ఉండాలి." మిషను బుద్ధిగా విన్నది. సత్యదేవ్ ఆల్బమ్ కంటే ముందు ఆ రాతలు చదివాడు. కళ్లజోడు తీసి మళ్లీ చదివాడు.

"ఒరేయ్, ఇన్నాళ్లూ నువ్వు మాట్లాడవనుకున్నాను. ఇవన్నీ ఎక్కడ పెట్టుకున్నావురా?"

అయితే ఆయనకు కొత్త చిక్కు వచ్చిపడింది. నవతదీ బాగుంది. విజయేందర్‌దీ బాగుంది. "ఒక్కరికైనా రాకపోతే సులువుగా ఉండేదర్రా. ముగ్గురికీ ఎలా వచ్చేసింది?" అని జుట్టు పీక్కున్నాడు. చివరికి విజయేందరే, తనకు కుర్చీలో కూర్చోవడం మొదటినుంచీ ఇష్టం లేదని, పెళ్లిళ్లలో డ్రోను ఎగరేస్తానని ముందుకొచ్చాడు. కొన్నాళ్లకు సత్యదేవ్, డ్రోను లేకుండా ఎలా బతికామా అనే దాకా వచ్చాడు.

మంగళవారం పొద్దున హరికిషన్ స్వీటు డబ్బా పట్టుకుని కిందికి వెళ్లాడు. తుకారాం గారు తలుపుకు వీపు పెట్టి వరండాలో కూర్చుని ఉన్నారు. ఫోను మీద ఆయన బొటనవేలు హార్మోనియం మెట్ల మీద తిరిగినట్టు తిరుగుతోంది. గేటు దగ్గరకొచ్చిన కొరియరుకు ఓకే నొక్కారు. వెనక వాటాలో ఉండే వంటమనిషి సుబ్బులు రాజమండ్రి వెళ్లడానికి రైలు టికెట్టు తీశారు. కరెంటు బిల్లు కట్టేశారు. ఇదంతా హరికిషన్ డబ్బా మూత సర్దుకునేంతలో.

అతను నోరు తెరిచి, చప్పుడు కాకుండా వెనక్కి అడుగేసి, వంటింటి వైపు వెళ్లాడు.

"ఆంటీ, అంకుల్‌కు అన్ని వచ్చునా?"

"రాకపోవుడేంది?" అంది విజయమ్మ, పోపు వేస్తూ. "ప్లాంట్ల టెస్టింగ్ జేసిండు. నీ ఫోను ఇచ్చినా ఇప్పి మల్ల బిగిస్తడు."

"మరి ఏది చూసినా సమజ్ గాలే అంటరెందుకు?"

విజయమ్మ పొయ్యి మంట తగ్గించింది. "మా పెండ్లైన కొత్తల ఇంట్లకు గ్యాసు పొయ్యి వచ్చింది. అప్పటిదాక నేను కట్టెల పొయ్యే చూసిన. షాపోడు వచ్చి ఒక్కపారి అంటిచ్చి చూపిచ్చిండు. నాకేం సమజ్ గాలే. భయం. అడుగుదామంటే పక్కన మా అత్త. పల్లెటూరి పిల్ల, ఏం రాదంటదని నోరు మూసుకున్న. గప్పుడు ఈయన ముందలికొచ్చి, 'అన్నా, నాకు సమజ్ గాలే, మల్ల చూపియ్' అన్నడు. మా అత్త ఒకటే నవ్వుడు. 'మొగోనివి, నీకెందుకురా పొయ్యి' అని చుట్టాలందరికి చెప్పి నవ్వింది. షాపోడు మల్ల చూపిచ్చిండు. నేను వెనకకెల్లి చూసి నేర్చుకున్న." ఆవిడ మళ్లీ మంట పెంచింది. "ఇగ గప్పటిసంది ఈయనకు ఏదీ సమజైతలేదు."

హరికిషన్‌కు స్టేషన్లో మూటలతో నిలబడ్డ జంట గుర్తొచ్చింది. గేటు యాప్ వచ్చిన కొత్తలో, చుట్టాలొస్తే ఏం నొక్కాలో తెలియక కొంగు నోట్లో పెట్టుకున్న సుబ్బులు గుర్తొచ్చింది. తను ముసలాయనకు జనం కావాలనుకోవడం కూడా గుర్తొచ్చింది. నిజమే, ఆయనకు జనం కావాలి. చెవులు రిక్కించి వెనక నిలబడే జనం.

స్వీట్లు ఇచ్చి, "మీవల్లనే అంకుల్" అనబోయాడు. తుకారాం గారు ఫోను చటుక్కున లుంగీ కింద దాచి, ఒక మైసూరుపాక్ తీసి అటూ ఇటూ తిప్పి, "ఇది ఎట్ల జేస్తరు బిడ్డా?" అన్నారు.

కొన్ని నెలలకు సత్యదేవ్ యాప్రాల్‌లో రెండో స్టూడియో తెరిచి హరికిషన్‌కు అప్పగించాడు. గది ఖాళీ చేయాల్సి వచ్చింది. కొత్తగా చేరిన పిల్లలకు పని నేర్పేది ఇప్పుడు అతనే. డౌట్లున్నాయా అని అడిగి ఊరుకోడు. ఎవరూ నోరు విప్పకపోతే, తనకే ఏదో మరచిపోయినట్టు మొదటినుంచి చేసుకుంటూ వస్తాడు. అతని చిరాకు పూర్తిగా పోలేదు. ట్రాఫిక్ మీద ఇంకా ఉంది.

ఈ మధ్య ఏ.ఎస్. రావు నగర్‌లో ఒక కొత్త టిఫిన్ సెంటరు వచ్చింది. అక్కడ మెనూ ఉండదు, అడిగే మనిషి ఉండడు. బల్ల మీది క్యూఆర్ గళ్లబొమ్మకు ఫోను చూపించి, కావలసినవి నొక్కాలి. హరికిషన్ లోపలికి అడుగు పెడుతుంటే తెలిసిన గొంతు వినబడింది.

"నాకు సమజ్ గాలే తల్లీ. ఫోను సీదా పట్టుకోవాల్నా, అడ్డం పట్టుకోవాల్నా?"

కౌంటరు దగ్గరి అమ్మాయి మూడోసారి చెబుతోంది. పక్క బల్ల దగ్గర ఒక పెద్దావిడ, పాత ఫోనును రెండు చేతుల్తో పట్టుకుని, ఒక్కో మాటకూ వేలు కదిలిస్తోంది. ఆవిడ ఫోను గణగణమని ఆర్డరు వెళ్లిందని చెప్పేదాకా తుకారాం గారికి సమజ్ కాలేదు. ఆ వెంటనే సమజైపోయింది.

హరికిషన్ ఎదురుగా కూర్చున్నాడు. ఇద్దరికీ ఇడ్లీ వచ్చింది. కొత్త పని గురించి, విజయమ్మ మోకాలి నొప్పి గురించి మాట్లాడుకున్నారు. చట్నీ అయిపోవచ్చాక, ఇన్నాళ్లూ గొంతులో ఉన్నది హరికిషన్ అనేశాడు.

"మీకు అన్ని వచ్చు అంకుల్. నాకు తెలుసు. మీరు గా దినం రాకపోతే నేను ఇయ్యాల ఏడ ఉంటుంటినో. అందరు మిమ్మల్ని చూసి నవ్వుతరు, మీకేమనిపియ్యదా?"

తుకారాం గారు అటూ ఇటూ చూసి, ఇడ్లీ ప్లేటు మీదికి వంగి, గొంతు తగ్గించారు.

"రానోన్ని చూసి నవ్వితే వానికి దుఃఖమైతది బిడ్డా. నన్ను చూసి నవ్వితే నాకేమైతది, నాకు వచ్చు గద! అయితే గీ ముచ్చట ఎవలతోని అనకు. నాకు వచ్చని తెలిసిందనుకో, ఇగ నాకెవలు చెప్పరు."